ఉద్యోగ ప్రకటన రాసే అన్నలకు, అక్కలకు



వార్షికోత్సవ సంచిక అనగానే నీళ్ళచారు గురించీ, ట్రంకుపెట్టెల గురించీ, వార్డెన్ సార్ విజిల్ గురించీ రాయడం మనకు ఆనవాయితీ. అవి మిగతా మిత్రులు నాకంటే బాగా రాస్తారు. నేను ఈసారి ఎవరూ ముట్టుకోని విషయం ఒకటి తీసుకున్నాను. మన హాస్టల్లో చదివి వెళ్ళినవాళ్ళలో కొందరు ఇవాళ సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నారు. అందులోనూ కొందరు పెద్ద కంపెనీలు కాదనుకొని స్టార్టప్‌లలో చేరారు. ఒకప్పుడు పేపర్లో ఉద్యోగ ప్రకటనలు కత్తిరించి నోటుబుక్కులో దాచుకున్నవాళ్ళే ఇప్పుడు ఉద్యోగ ప్రకటనలు రాసే కుర్చీలో కూర్చున్నారు. ఆ ప్రకటన ఎలా రాయాలన్నదే ఈ వ్యాసం.

"ఇదీ ఒక విషయమేనా? నాలుగు ముక్కలు రాసి పడేస్తే సరిపోదా?" అనేవారు ఉంటారు. ఆ నాలుగు ముక్కలే మన తమ్ముళ్ళను, చెల్లెళ్ళను గడప బయట నిలబెడుతున్నాయని నా అభిప్రాయం. అంతేకాదు, ఆ స్టార్టప్‌కు దొరకాల్సిన మంచి ఇంజనీరును దొరకకుండా చేస్తున్నవి కూడా అవే.

ముందు మన ప్రాంతం సంగతి చూద్దాం. మొయినాబాద్ నుంచి అప్పా జంక్షన్ మీదుగా గచ్చిబౌలి ఎంత దూరం? బస్సు దొరికితే గంట పని. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2015 నవంబరులో ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో టీ-హబ్ వచ్చింది. 2022 జూన్‌లో అది రాయదుర్గంలోని పెద్ద భవనంలోకి మారింది. స్టార్టప్‌లు ఎక్కువగా ఆ చుట్టుపక్కలే పుడుతున్నాయి. మన వైపు మాత్రం ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణ కోసం 1996లో 111వ నంబరు జీవో వచ్చి, 84 గ్రామాల్లో పరిశ్రమలకూ బహుళ అంతస్తుల భవనాలకూ ఆంక్షలు పెట్టింది. చెరువులు బతకాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ తర్వాతి పాతికేళ్ళలో మన వైపు ఏం వచ్చాయో చూడండి. అజీజ్‌నగర్, చిలుకూరు చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చాయి, ఫాంహౌసులు వచ్చాయి. సాఫ్ట్‌వేర్ ఆఫీసులు రాలేదు. చదువు చెరువుకు ఇవతల, కొలువు చెరువుకు అవతల!

నగరంలో పుట్టిన పిల్లవాడికి బాబాయి ఒక కంపెనీలో మేనేజరు, పక్కింటి అన్న ఇంకో కంపెనీలో టీమ్ లీడరు. స్టార్టప్‌లు మొదటి పదిమందిని చాలావరకు అలా తెలిసినవాళ్ళ ద్వారానే తీసుకుంటాయి. దానికి 'రిఫరల్' అని పేరు. మన పిల్లలకు ఆ బాబాయి లేడు. కూరగాయల ఆటో తోలే బాబాయి ఉంటాడు, పూలతోటలో కూలికి వెళ్ళే పిన్ని ఉంటుంది. వాళ్ళ రిఫరల్ గుడిమల్కాపూర్ మార్కెట్ దాకే పనికొస్తుంది. కాబట్టి బహిరంగంగా వేసిన ప్రకటన ఒక్కటే మనవాళ్ళకు తలుపు. ఆ తలుపు ఎలా ఉందో ఇప్పుడు చూడండి.

ఈమధ్య ఒక జూనియర్ నాకొక ప్రకటన పంపి "అన్నా, దీనికి నేను పెట్టొచ్చా?" అని అడిగాడు. కంపెనీ పేరు మనకెందుకు గానీ, ఇంగ్లీషులో ఉన్నదాని సారం ఇది:

"శరవేగంగా ఎదుగుతున్న మా స్టార్టప్‌కు రాక్‌స్టార్ డెవలపర్లు కావలెను. బీటెక్ కంప్యూటర్ సైన్స్ మాత్రమే. పది, ఇంటర్, బీటెక్ మూడింటిలోనూ 60 శాతం తప్పనిసరి. బ్యాక్‌లాగ్‌లు, గ్యాప్ ఉండరాదు. జావా, పైథాన్, రియాక్ట్, నోడ్, ఏడబ్ల్యూఎస్, డాకర్, కుబెర్నెటిస్, మెషీన్ లెర్నింగ్ తెలిసి ఉండాలి. ఇంగ్లీషు అనర్గళంగా మాట్లాడాలి. సొంత ల్యాప్‌టాప్ ఉండాలి. వెంటనే చేరాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు తేవాలి. జీతం పరిశ్రమలో అత్యుత్తమం."

ఇందులో ఏం లేదో గమనించారా? చేయాల్సిన పని ఏమిటో లేదు! పెళ్ళికొడుకు పేరు తప్ప అన్నీ అచ్చువేసిన శుభలేఖ లాగుంది. వచ్చేవాడు ఎలా ఉండాలో ఇన్ని వరుసలు రాశారు గానీ, వచ్చి ఏం చేయాలో ఒక్క వరుస రాయలేదు. ఇప్పుడు ప్రకటనలు కూడా చాట్‌జీపీటీతో రాయిస్తున్నారు కనుక పది కంపెనీల ప్రకటనలు పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో పోల్చుకోలేం.

అరవై శాతం సంగతి కొంచెం నిదానంగా మాట్లాడుకోవాలి. మన హాస్టల్ పిల్లవాడు పదో తరగతి దాకా తెలుగు మీడియం అనుకోండి. ఇంటర్లో ఇంగ్లీషు మీడియం. భౌతికశాస్త్రం ఫిజిక్స్ అయ్యేసరికే ఆరు నెలలు పోతాయి. బీటెక్ మొదటి సంవత్సరంలో జేఎన్‌టీయూ వాళ్ళ ఎం-1 పేపరు ఎలా ఉంటుందో రాసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఒకటో రెండో సబ్జెక్టులు తప్పుతాడు. సప్లిమెంటరీలో గట్టెక్కుతాడు. మూడో సంవత్సరానికి వచ్చేసరికి ల్యాబ్‌లో నలుగురికి ప్రోగ్రాములు సరిచేసి పెట్టేవాడు వాడే అవుతాడు. అలాంటివాళ్ళను నేను మన హాస్టల్లోనే చూశాను, మీరూ చూసే ఉంటారు. పదో తరగతి మార్కులు ఏం చెబుతాయి? వాడికి పదిహేనేళ్ళప్పుడు వాళ్ళ బడిలో లెక్కల సారు పోస్టు ఖాళీగా ఉందా లేదా అన్నది చెబుతాయి. ఇరవై రెండేళ్ళప్పుడు వాడు ప్రోగ్రాము రాయగలడా లేదా అన్నది చెప్పవు.

ఇది నా ఒక్కడి మాట కాదు. గూగుల్‌లో అప్పట్లో ఉద్యోగుల విభాగానికి అధిపతిగా ఉన్న లాస్లో బాక్ 2013లో న్యూయార్క్ టైమ్స్ పత్రికతో మాట్లాడుతూ, తమ లెక్కల ప్రకారం ఎంపికకు కాలేజీ మార్కులు పనికిరాని కొలబద్ద అని చెప్పాడు. అప్పుడే కాలేజీ దాటి వచ్చినవారి విషయంలో మాత్రం కొద్దిపాటి సంబంధం ఉందన్నాడు. సరే, ఆ కొద్దిపాటిదీ ఒప్పుకుందాం. అది కాలేజీ మార్కుల మాట. మరి పదో తరగతి మార్కుల ఊసు ఎక్కడుంది?

ఇక "వెంటనే చేరాలి, ఒరిజినల్స్ తేవాలి" అనే షరతు. రాసినవాడికి ఇది మామూలు వరుస. మనవాళ్ళకు గుండెలో రాయి పడినట్టు ఉంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని కాలేజీలు సర్టిఫికెట్లు ఆపడం మనకు కొత్త కాదు. 2025 నవంబరులో ఆ బకాయిల కోసమే రాష్ట్రంలోని ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించాయి. ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య ఉన్న బాకీకి పిల్లవాడి సర్టిఫికెట్ తాకట్టులో ఉంటుంది. ఉద్యోగమిచ్చే చోట కూడా ఆ కాగితమే మొదట అడిగితే వాడు ఎక్కడికి పోవాలి? "మార్కుల మెమో జిరాక్సుతో చేరవచ్చు, ఒరిజినల్స్ తర్వాత చూపించండి" అని ప్రకటనలో ఒక్క వాక్యం రాయండి. కంపెనీకి ఖర్చు సున్నా. ఆ వాక్యం రాయాలని మన హాస్టల్లో చదివినవాడికి తట్టకపోతే ఇంకెవరికి తడుతుంది?

ఎనిమిది టెక్నాలజీల జాబితాతో వచ్చే చిక్కు వేరు. కాలేజీ నుంచి వచ్చినవాడికి ఆ ఎనిమిదీ రావు. నిజాయితీపరుడు చదివి పక్కన పెడతాడు. అబద్ధానికి వెనుదీయనివాడు అన్నీ వచ్చని రాసి పంపిస్తాడు. లేని అనుభవాన్ని రెజ్యూమెలో రాసిపెట్టే దుకాణాలకు గిరాకీ ఇలాంటి ప్రకటనల వల్లే. 'రాక్‌స్టార్', 'నింజా' లాంటి మాటలు కూడా ఇంతే. గౌచర్, ఫ్రీసెన్, కే అనే పరిశోధకులు 2011లో ఉద్యోగ ప్రకటనల భాషను పరిశీలించారు. మగతనం ధ్వనించే మాటలు ఎక్కువగా ఉన్న ప్రకటన చూసి ఆడవాళ్ళు ఆసక్తి తగ్గించుకుంటారని తేలింది. "ఈ పని నాకు రాదు" అనుకొని కాదట, "అక్కడ నేను ఇమడను" అనుకొని! ఆ మాట చదివినప్పుడు నాకు మన హాస్టల్ చెల్లెళ్ళే కాదు, తమ్ముళ్ళు కూడా గుర్తొచ్చారు. "మనలాంటోళ్ళకు కాదులే అన్నా" అనే మాట ఎన్నిసార్లు వినలేదు?

మంచి ప్రకటనకు ఉదాహరణ కావాలంటే 1994 ఆగస్టులో జెఫ్ బెజోస్ అనే ఆయన వేసిన ప్రకటన ఒకటుంది. అప్పటికి ఆయన కంపెనీకి అమెజాన్ అనే పేరు కూడా లేదు. సియాటిల్‌లో పెడుతున్న స్టార్టప్‌కు సి, సి ప్లస్ ప్లస్, యునిక్స్ తెలిసిన ప్రోగ్రామర్లు కావాలన్నాడు. ఇంటర్నెట్‌లో వ్యాపారం మొదలుపెట్టబోతున్నామని పని ముందే చెప్పాడు. కంప్యూటర్ సైన్స్ డిగ్రీ అంటూనే, దానికి సమానమైనది ఉన్నా చాలన్నాడు. వెబ్ సర్వర్లు, హెచ్‌టీఎంఎల్ తెలిస్తే మేలే గానీ తప్పనిసరి కాదన్నాడు. ఊరు మారే ఖర్చులో సాయం చేస్తామన్నాడు, వాటా ఇస్తామన్నాడు. అందులో నాకు నచ్చనిదీ ఉంది. సమర్థులు సాధ్యమనుకునే సమయంలో మూడో వంతులోనే పని పూర్తిచేయాలట! ఆ గొప్ప మాత్రం మనకు వద్దు. కానీ ఏది తప్పనిసరి, ఏది కాదు అని విడదీసి చెప్పడం మాత్రం నేర్చుకోదగ్గది. 'తప్పనిసరి కాదు' అన్న రెండు మాటలకు భయం పోగొట్టే శక్తి ఉంది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. చేవెళ్ళ వైపు టమాట, క్యారెట్ పండించే రైతులకు ఏ మార్కెట్లో ఏ ధర పలుకుతోందో ఫోన్‌లో చెప్పే స్టార్టప్ ఒకటి ఉందనుకుందాం. వాళ్ళకు ఒక ఇంజనీరు కావాలి. ప్రకటన నన్ను రాయమంటే ఇలా రాస్తాను:

"మేము ఆరుగురం. తెల్లవారుజామున నాలుగింటికి, రైతు సరుకు ఆటోకు ఎక్కించేలోపు, ధరల మెసేజ్ చేరాలి. ఇప్పుడు వారంలో రెండు రోజులు ఆలస్యమవుతోంది. మీరు మొదటి మూడు నెలల్లో ఆ ఆలస్యం ఎందుకో కనిపెట్టి సరిచేయాలి. ఆ తర్వాత ధరలను తెలుగులో మాటగా వినిపించే భాగం తయారుచేయాలి. మా ప్రోగ్రాములు పైథాన్‌లో ఉన్నాయి. పైథాన్ గానీ, మరేదైనా ఒక భాష గానీ బాగా వచ్చి, డేటాబేస్ నుంచి సమాచారం తీయగలిగితే చాలు. క్లౌడ్ సర్వర్లు తెలిస్తే మంచిదే, తెలియకున్నా దరఖాస్తు చేయండి, ఇక్కడ నేర్పుతాం. మార్కుల శాతం అడగం. మీరు స్వయంగా రాసిన ప్రోగ్రాము ఒకటి పంపండి, కాలేజీ ప్రాజెక్టు అయినా సరే. దాని మీద గంటసేపు మాట్లాడతాం, తెలుగులో గానీ ఇంగ్లీషులో గానీ. తర్వాత ఒకరోజు మా ఆఫీసులో రెండు గంటలు ఒక చిన్న సమస్య మీద కలిసి పనిచేస్తాం. పది రోజుల్లో అవునో కాదో చెబుతాం. జీతం ఏడాదికి ఐదు నుంచి ఆరు లక్షలు. మొదటి జీతం చేరిన నెల చివరనే ఇస్తాం. ల్యాప్‌టాప్ కంపెనీదే. బాండు లేదు. ఆఫీసు రాయదుర్గంలో. మా దగ్గర ఇంకా పద్దెనిమిది నెలలకు సరిపడా డబ్బు ఉంది."

దీన్ని చదివినవాడికి ఈ పని తనకు నచ్చుతుందో లేదో ఇంటి దగ్గరే తెలిసిపోతుంది. నచ్చనివాడు రాడు, అదీ లాభమే. చివరి వాక్యం చూసి మీలో స్టార్టప్ నడిపేవారు ఉలిక్కిపడి ఉంటారు. ఎన్ని నెలల డబ్బు ఉందో అందరికీ చెబుతామా అని. చెప్పాలనే నేనంటాను. వెనక పొలం, ఇల్లు ఉన్నవాడు స్టార్టప్ మూతపడితే ఆర్నెల్లు ఇంట్లో కూర్చోగలడు. మనవాడు ఆ నెలే ఇంటికి డబ్బు పంపాలి. పందెం ఎంతో తెలియకుండా పందెంలోకి దించడం న్యాయం కాదు.

డబ్బు గురించి ఇంకో మాట. సీటీసీ ఆరు లక్షలంటే నెలకు యాభై వేలు చేతికొస్తాయని మన పిల్లలు అనుకుంటారు. రావు. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, కొన్నిచోట్ల ఇన్సూరెన్సు కూడా ఆ అంకెలోనే ఉంటాయి. షేర్లు ఇస్తామంటే మరీ జాగ్రత్త. మన దేశ కంపెనీల నిబంధనల ప్రకారం ఉద్యోగికి ఇస్తామన్న స్టాక్ ఆప్షన్లు కనీసం ఏడాది గడిచాకే చేతికి దక్కడం మొదలవుతుంది. కంపెనీ అమ్ముడుపోతేనో, మార్కెట్లోకి వస్తేనో తప్ప అవి రూపాయలు కావు. వాటితో గది అద్దె కట్టలేం. కనుక జీతం వేరు, షేర్లు వేరు అని విడిగా రాయాలి.

మొదటి జీతం ఎప్పుడు అన్నది కూడా అంతే ముఖ్యం. నెల పదో తేదీ తర్వాత చేరితే వచ్చే నెలాఖరుకు గానీ జీతం ఇవ్వని చోట్లున్నాయి. కోర్సు అయిపోగానే హాస్టల్ ఖాళీ చేయాలి. గచ్చిబౌలిలో గదికి అడ్వాన్సు కట్టాలి. ఆ యాభై రోజులు ఏం తిని బతకాలి? ఆఫర్ లెటర్ చేతిలో ఉండి కూడా అప్పు పుట్టక ఊరికి తిరిగిపోయినవాడి సంగతి నాకు తెలుసు.

"అరవై శాతం తీసేస్తే రెజ్యూమెలు కుప్పలుగా వస్తాయన్నా, చదివే తీరిక ఎవరికుంది?" అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. అది న్యాయమైన ప్రశ్నే. ఆరుగురున్న చోట రోజంతా రెజ్యూమెలు చదవలేరు. కానీ వడపోత ఉండాలంటే పనికి సంబంధించిన వడపోత పెట్టుకోవచ్చు కదా! ప్రోగ్రాము పంపమన్న ఒక్క షరతుతోనే సగంమంది ఆగిపోతారు. "చాట్‌జీపీటీతో రాయించి పంపిస్తే?" అన్నాడు. పంపనీ. గంటసేపు ఎదురుగా కూర్చోబెట్టి "ఈ వరుస తీసేస్తే ఏమవుతుంది?" అని అడిగితే ఎవరిదో తేలిపోతుంది. అయితే ఆ పరీక్ష పేరుతో కంపెనీ పని ఉచితంగా చేయించుకోవడం మాత్రం దొంగతనమే. వారం రోజుల 'అసైన్‌మెంట్' ఇచ్చేవాళ్ళకు ఆ మాట చెప్పాలి. మన పిల్లల్లో చాలామంది సాయంత్రాలు పార్ట్‌టైం పని చేసుకుంటున్నవాళ్ళే.

నేర్పే తీరిక లేదనేవాళ్ళకు తమిళనాడు వైపు చూడమని చెబుతాను. జోహో కంపెనీ 2005 నుంచి ప్లస్ టూ, డిప్లొమా చదివిన పిల్లల్ని తీసుకొని, స్టైపెండ్ ఇచ్చి, తానే నేర్పి ఉద్యోగాలిస్తోంది. తెన్‌కాశి దగ్గర పల్లెలో ఆఫీసు పెట్టింది. అది పెద్ద కంపెనీ, అందరికీ సాధ్యం కాకపోవచ్చు. నిజంగా ఐదేళ్ళ అనుభవం ఉన్నవాడే కావాలంటే అదే సూటిగా రాయండి, తప్పేం లేదు. కావాల్సింది అనుభవజ్ఞుడు, ఇవ్వాలనుకునేది ఫ్రెషరు జీతం అయినప్పుడే ప్రకటన అష్టవంకరలు తిరుగుతుంది.

ఇంకొకటి, మనం తప్పించుకోలేనిది. సుఖదేవ్ థోరాట్, పాల్ అట్టివెల్ అనే ఇద్దరు పండితులు 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. ప్రైవేటు కంపెనీలు పత్రికల్లో వేసిన ప్రకటనలకు ఒకే అర్హతలున్న దరఖాస్తులు వేర్వేరు పేర్లతో పంపి చూశారు. దళితుల ఇంటిపేరు ఉన్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం, అగ్రకులపు పేరు ఉన్నదానితో పోలిస్తే సుమారు మూడింట రెండు వంతులే. ముస్లిం పేరుకు మూడో వంతు. చదువు అదే, అర్హత అదే, మారింది పేరొక్కటే! అదే కాలంలో జోద్కా, న్యూమన్ అనే ఇద్దరు కంపెనీల అధికారులను కలిసి మాట్లాడితే, ప్రతిభే మాకు ముఖ్యమని చెప్పినవాళ్ళే అభ్యర్థిని 'కుటుంబ నేపథ్యం' అడుగుతామన్నారు. కాబట్టి మీరు ప్రకటన రాసేటప్పుడు "ఫోటో, తండ్రి పేరు, సొంతూరు వద్దు" అని రాయండి. మొదటి దశలో పేరు కప్పి ప్రోగ్రామును మాత్రమే చూసే పద్ధతి పెట్టండి. ఆరుగురున్న స్టార్టప్‌లో ఇది ఒక మధ్యాహ్నం పని. వేలమంది ఉన్న కంపెనీలో దీనికి కమిటీ వేస్తారు.

హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు రెండే మాటలు. ప్రకటనలో పది అడిగితే ఆరు వచ్చినా పెట్టండి, కాదనే పని వాళ్ళది, మీది కాదు. ఉద్యోగం ఇవ్వడానికి డిపాజిట్ అనో, ట్రైనింగ్ ఫీజు అనో డబ్బు అడిగిన చోటికి మాత్రం రెండోసారి వెళ్ళకండి, ఆఫీసు ఎంత అద్దాలతో మెరిసినా సరే.

ప్రకటనలు రాసే అన్నలకు, అక్కలకు ఒక అభ్యర్థన. మీ ప్రకటన ఎన్ని వెబ్‌సైట్లలో పెట్టినా, ఒక ప్రతి కాగితం మీద తీసి మన హాస్టల్‌కు పంపండి. తెలుగులో ఉంటే మరీ మంచిది. మెస్సు హాలు దారిలో నోటీసు బోర్డు ఉంది కదా, దాని ఎడమ సగం ఖాళీగానే ఉంటోంది. చివరి తేదీకి కనీసం రెండు వారాల ముందు పంపండి. పరీక్షల రోజుల్లో అయితే ఇంకో వారం ముందు. కింద మీ ఫోన్ నంబరు రాస్తే, ప్రోగ్రాము పంపేముందు అనుమానాలు అడగడానికి పిల్లలు సాయంత్రం ఏడు దాటాక ఫోన్ చేస్తారు, ఎత్తండి.